హౌస్‌హోల్డ్ కావల్రీ

బ్రిటిష్ రాజవంశానికి అంగరక్షక ఆశ్విక దళం హౌస్‌హోల్డ్ కావల్రీ. లైఫ్ గార్డ్స్, బ్లూస్ అండ్ రాయల్స్ అనే రెండు రెజిమెంట్లు కలిస్తే ఈ దళం. బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా ముందు వరుస వీటిదే. లండన్‌లో రాజు బండి వెంట మెరిసే కవచాలతో, తురాయి శిరస్త్రాణాలతో, నల్ల గుర్రాల మీద కదిలే రౌతులు ఈ దళం వారే. అయితే వీరు ఉత్సవాల కోసం వేషం కట్టిన బృందం కారు. ఇదే దళంలోని సగం మంది కవచ వాహనాలెక్కి యుద్ధరంగంలో శత్రువు జాడ పసిగట్టే పని చేస్తారు. చాలామంది సైనికులు తమ సర్వీసులో కొంతకాలం గుర్రం మీద, కొంతకాలం వాహనంలో గడుపుతారు. వేడుకల్లో కనిపించే అలంకారాల్లో చాలావాటికి కూడా ఒకప్పుడు రణరంగంలో ఉపయోగం ఉండేది.

పుట్టుక

ఈ దళం పుట్టుకకు మూలం రాజుల ప్రాణభయం. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో ఓడిన మొదటి చార్లెస్‌కు 1649 జనవరి 30న లండన్‌లోని వైట్‌హాల్‌లో శిరచ్ఛేదం జరిగింది. కొడుకు రెండవ చార్లెస్ దేశం విడిచి ఐరోపాలో తలదాచుకున్నాడు. 1658 ప్రాంతంలో, నేటి బెల్జియంలోని బ్రూజ్ నగరంలో, ఆయన వెంట ఉన్న రాజపక్షీయులు అంగరక్షకులుగా ఏర్పడ్డారు. లైఫ్ గార్డ్స్‌కు నాంది అదే. 1660లో రాచరికం తిరిగి రావడంతో వారు రాజుతో పాటు లండన్ చేరారు.

అప్పటి పార్లమెంటుకు శాశ్వత సైన్యం అంటే గిట్టదు. అంతర్యుద్ధంలో రాజుపై గెలిచిన పక్షపు నాయకుడు క్రామ్‌వెల్ నాటి సైన్యాన్ని జీతాలిచ్చి ఇళ్ళకు పంపేస్తున్నారు. అంతలో 1661 జనవరిలో థామస్ వెన్నర్ అనే మతవాది కొద్దిమంది అనుచరులతో లండన్ వీధుల్లో తిరుగుబాటు లేవదీశాడు. అది త్వరలోనే అణగిపోయినా, రాజు చుట్టూ స్థిరమైన బలగం ఉండాలన్న వాదనకు బలం చేకూరింది. ఆ నెల 26న రాజు గార్డు దళాలకు అధికారిక రూపం ఇచ్చాడు. బ్రిటిష్ శాశ్వత సైన్యం చరిత్రను ఆ రోజు నుంచే లెక్కిస్తారు.

తొలినాళ్ళలో లైఫ్ గార్డ్స్‌లో మామూలు సిపాయిలకు చోటు ఉండేది కాదు. సాధారణ రౌతు కూడా పెద్దింటి బిడ్డే. 1788లో జరిగిన పునర్వ్యవస్థీకరణతో ఈ పద్ధతి పోయింది. దళం ఒకటవ, రెండవ లైఫ్ గార్డ్స్ అనే రెజిమెంట్లుగా మారి, సామాన్య కుటుంబాల నుంచి సైనికులను తీసుకోవడం మొదలైంది. ఆ రెండూ 1922లో ఒక్కటయ్యాయి.

రెండో రెజిమెంటుది వేరే దారి. బ్లూస్ పుట్టింది రాజుకు ఎదురు నిలిచిన పక్షంలో. 1650లో సర్ ఆర్థర్ హేసిల్‌రిగ్ క్రామ్‌వెల్ సైన్యం కోసం ఈ దళాన్ని సమకూర్చాడు. 1661లో ఇది రాజు కొలువుకు మారి, ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ ఆబ్రీ డి వేర్ నాయకత్వంలో రాయల్ హార్స్ గార్డ్స్ అయింది. వారి నీలి కోట్ల మూలంగా జనం ‘బ్లూస్’ అన్నారు. రాజగృహపు దళం హోదా మాత్రం 1820లో, నాలుగవ జార్జ్ కాలంలో గాని దక్కలేదు. రాయల్స్ కథ మొరాకో తీరంలో మొదలవుతుంది. పోర్చుగల్ రాకుమారి కేథరిన్‌ను పెళ్ళాడిన రెండవ చార్లెస్‌కు బొంబాయితో పాటు టాంజియర్ రేవు కూడా కట్నంగా వచ్చింది. ఆ రేవు కాపలా కోసం 1661లో ఏర్పడిన ఆశ్విక దళమే తర్వాత రాయల్ డ్రాగూన్స్ అయింది. 1969 మార్చి 29న ఈ దళం, బ్లూస్ విలీనమై నేటి బ్లూస్ అండ్ రాయల్స్ ఏర్పడింది.

యుద్ధాలలో

1815 జూన్ 18న వాటర్లూలో లైఫ్ గార్డ్స్, బ్లూస్ హౌస్‌హోల్డ్ బ్రిగేడ్‌లో భాగంగా ఫ్రెంచి కవచధారి రౌతులను ఢీకొన్నాయి. మరో బ్రిగేడ్‌లో ఉన్న రాయల్ డ్రాగూన్స్ ఫ్రెంచి 105వ పదాతి రెజిమెంటు గరుడ పతాకాన్ని పట్టుకున్నారు. బ్లూస్ అండ్ రాయల్స్ సైనికులు ఇప్పటికీ ఎడమ చేతి మీద గరుడ గుర్తు ధరించేది అందుకే. 1882లో ఈజిప్టులోని కసాసిన్ దగ్గర వెన్నెల రాత్రి హౌస్‌హోల్డ్ కావల్రీ చేసిన దాడి కూడా సైనిక చరిత్రలో పేరు పొందింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలు, మరతుపాకులు ఆశ్విక దాడులకు కాలం చెల్లేలా చేశాయి. 1918లో లైఫ్ గార్డ్స్ గుర్రాలు దిగి మరతుపాకుల దళంగా మారవలసి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో ఒక రెజిమెంటు గుర్రాలతోనే పాలస్తీనాకు వెళ్ళింది గాని, అక్కడే వాహనాల్లోకి మారిపోయింది. మరో రెజిమెంటు 1944లో నార్మండీ నుంచి నెదర్లాండ్స్ దాకా కవచ కార్లతో సైన్యానికి దారి చూపింది.

1982 ఫాక్‌లాండ్స్ యుద్ధానికి బ్లూస్ అండ్ రాయల్స్ తేలికపాటి సిమిటార్, స్కార్పియన్ వాహనాలతో వెళ్ళారు. 2003 మార్చి 28న ఇరాక్‌లో బస్రా దగ్గర ఒక అమెరికన్ యుద్ధ విమానం పొరపాటున బ్రిటిష్ వాహనాల మీద కాల్పులు జరిపింది. అప్పుడు మండుతున్న వాహనం నుంచి తోటి సైనికుణ్ణి కాపాడిన బ్లూస్ అండ్ రాయల్స్ సైనికుడు క్రిస్టఫర్ ఫిన్నీ వయసు పద్దెనిమిదేళ్ళు. ఆయనకు జార్జ్ క్రాస్ లభించింది. రాకుమారులు విలియం, హ్యారీ ఇద్దరూ 2006లో బ్లూస్ అండ్ రాయల్స్‌లోనే అధికారులుగా చేరారు. హ్యారీ అఫ్ఘానిస్తాన్ యుద్ధంలో పనిచేశాడు.

నిర్మాణం

1992 నుంచి దళం రెండు విభాగాలుగా నడుస్తోంది. కవచ వాహనాలతో ముందస్తు నిఘా నడిపే విభాగం హౌస్‌హోల్డ్ కావల్రీ రెజిమెంట్. చాలాకాలం విండ్సర్‌లో ఉన్న ఈ విభాగం 2019లో విల్ట్‌షైర్‌లోని బుల్ఫర్డ్‌కు మారింది. వేడుకల బాధ్యత హౌస్‌హోల్డ్ కావల్రీ మౌంటెడ్ రెజిమెంట్‌ది. ఇది లండన్‌లోని హైడ్ పార్క్ బ్యారక్స్‌లో ఉంటుంది. లైఫ్ గార్డ్స్ స్క్వాడ్రన్ ఒకటి, బ్లూస్ అండ్ రాయల్స్ స్క్వాడ్రన్ ఒకటి ఇందులో ఉంటాయి. రెండు రెజిమెంట్ల వాద్య బృందాలు 2014లో ఏకమయ్యాయి.

హైడ్ పార్క్ పక్కనున్న ఆ స్థలంలో 1795 నుంచీ ఈ దళానికి బసలున్నాయి. ఇప్పటి భవనాన్ని సర్ బేసిల్ స్పెన్స్ రూపకల్పన చేయగా 1970లో నిర్మాణం పూర్తయింది. ఖరీదైన లండన్ నేల మీద స్థలం చాలక గుర్రపు సాలలను కూడా అంతస్తులుగా కట్టారు. గుర్రాలు ఏటవాలు దారుల మీదుగా పైకీ కిందికీ నడుస్తాయి. సైనిక కుటుంబాల కోసం కట్టిన 94 మీటర్ల ఎత్తైన గోపురంలో 33 అంతస్తులున్నాయి.

హోదాల పేర్లు మిగతా సైన్యం కన్నా భిన్నం. ఇక్కడ సార్జెంట్ అన్న మాటే వినిపించదు. ఆ స్థాయి ఉద్యోగి ‘కార్పొరల్ ఆఫ్ హార్స్’, సార్జెంట్ మేజర్ స్థాయి వ్యక్తి ‘కార్పొరల్ మేజర్’, మామూలు సైనికుడు ‘ట్రూపర్’. పైన ‘గోల్డ్ స్టిక్’ అనే పదవి ఉంది. రెండవ చార్లెస్ మీద హత్యాయత్నం జరుగుతుందన్న పుకార్లు చెలరేగిన 1678లో, బంగారు పిడి గల దండంతో ఒక అధికారి అనుక్షణం రాజు పక్కనే ఉండాలన్న నియమం వచ్చింది. ఆ బాధ్యత ఈ రెండు రెజిమెంట్ల గౌరవ కర్నళ్ళకు సంక్రమించింది. వాటర్లూ విజేత వెల్లింగ్టన్ బ్లూస్‌కు కర్నల్‌గా ఉన్నాడు. అంతకు ముందు 1803లో దక్కనులో మరాఠాలపై అస్సాయే యుద్ధం గెలిచిన వెల్లెస్లీ ఆయనే. భారత చివరి వైస్రాయి మౌంట్‌బాటెన్ 1965 నుంచి 1979 దాకా లైఫ్ గార్డ్స్ కర్నల్. 1998 నుంచి బ్లూస్ అండ్ రాయల్స్ కర్నల్‌గా ఉన్న రాకుమారి ఆన్ 2023 మే 6న, మూడవ చార్లెస్ పట్టాభిషేక ఊరేగింపులో, గోల్డ్ స్టిక్ హోదాలో గుర్రం మీద అన్నగారి బండి వెనుక సాగింది.

రోజువారీ కాపలా

రోజూ జరిగే విధి ‘కింగ్స్ లైఫ్ గార్డ్’. వైట్‌హాల్‌లోని హార్స్ గార్డ్స్ భవనం లాంఛనంగా రాజప్రాసాదానికి సింహద్వారం. విలియం కెంట్ రూపకల్పనతో 1750లలో కట్టిన ఈ భవనం నడిమి కమాను గుండా బండిలో వెళ్ళే హక్కు రాజకుటుంబానికే ఉంటుంది. మరెవరికైనా ప్రత్యేక అనుమతి బిళ్ళ కావాలి. భవనం గడియారంలో రెండు అంకె దగ్గర ఒక నల్లమచ్చ ఉంది. మొదటి చార్లెస్ తల తెగిన వేళకు అది గుర్తు అంటారు.

మామూలు రోజుల్లో ఉదయం 10.28కి కొత్త దళం బ్యారక్స్ నుంచి బయలుదేరి, హైడ్ పార్క్ మీదుగా వచ్చి, 11 గంటలకు పాత దళం చేతి నుంచి కాపలా అందుకుంటుంది. ఆదివారాల్లో ఇదంతా గంట ముందే జరుగుతుంది. లైఫ్ గార్డ్స్, బ్లూస్ అండ్ రాయల్స్ వంతులవారీగా ఈ పని చేస్తారు. రాజు లండన్‌లో ఉంటే అధికారి, పతాకం, బూర ఊదేవాడు కూడా దళంతో వస్తారు. రాజు ఊళ్ళో లేకపోతే పదిమంది ట్రూపర్లు, ఇద్దరు చిన్న అధికారులు మాత్రమే వస్తారు. వైట్‌హాల్ వైపు గూళ్ళలో గుర్రం మీద కూర్చున్న రౌతులు గంటకోసారి మారుతుంటారు. గుర్రాల కాపలా సాయంత్రం నాలుగింటి దాకా సాగుతుంది.

అది ముగిసే వేళ రోజూ ఒక తనిఖీ జరుగుతుంది, దానికి ఒక కథ ఉంది. 1894లో విక్టోరియా రాణి హఠాత్తుగా అటు వచ్చేసరికి కాపలావాళ్ళు తాగుతూ జూదమాడుతూ దొరికిపోయారట. ఇక నూరేళ్ళ పాటు రోజూ సాయంత్రం నాలుగింటికి వీళ్ళను ఒక అధికారి తనిఖీ చేయాలని ఆమె శాసించిందట. నూరేళ్ళ గడువు 1994లో తీరిపోయింది. దళం మాత్రం తనిఖీని వదల్లేదు. దాన్ని ఇప్పటికీ ‘శిక్ష పరేడ్’ అనే పిలుస్తారు.

ఏటా జరిగే పెద్ద సందర్భాలు వేరు. జూన్‌లో రాజు అధికారిక జన్మదిన కవాతు అయిన ట్రూపింగ్ ద కలర్, పార్లమెంటు ప్రారంభోత్సవం, విదేశీ దేశాధినేతల రాక, రాచ పెళ్ళిళ్ళు, అంత్యక్రియలు అన్నిటా ఈ దళం ఉంటుంది. రాజు బండికి ముందూ వెనుకా నడిచే పూర్తి బృందాన్ని సావరిన్స్ ఎస్కార్ట్ అంటారు. పార్లమెంటు ప్రారంభం నాడు కొందరు గుర్రాలు దిగి, ఒర నుంచి తీసిన కత్తులతో రాజు నడిచే మెట్లకు ఇరువైపులా నిలబడతారు. ఇవి గాక ‘మ్యూజికల్ రైడ్’ ఉంది. సంగీతానికి అనుగుణంగా గుర్రాలను నడిపించే ఈ ప్రదర్శన 1882లో మొదలైంది.

వేషం, ఆయుధాలు

రెండు రెజిమెంట్లను దూరం నుంచే గుర్తు పట్టవచ్చు. లైఫ్ గార్డ్స్‌ది ఎర్ర కోటు, తెల్ల తురాయి. బ్లూస్ అండ్ రాయల్స్‌ది ముదురు నీలం కోటు, ఎర్ర తురాయి. శిరస్త్రాణం పట్టీని లైఫ్ గార్డ్స్ కింది పెదవి కిందుగా బిగిస్తారు, రెండో రెజిమెంటు వాళ్ళు గడ్డం కిందికి దించుతారు.

ఛాతీకీ వీపుకీ ఉక్కు రేకుల కవచం 1821లో నాలుగవ జార్జ్ పట్టాభిషేకంతో వాడుకలోకి వచ్చింది. వాటర్లూలో ఓడిన ఫ్రెంచి రౌతులు తొడుక్కున్నది అలాంటి కవచాన్నే. శత్రువు సామగ్రి కాస్తా విజేతల వేడుక దుస్తు అయింది. మోకాళ్ళ పైదాకా వచ్చే గట్టి తోలు బూట్లు ఒకప్పుడు కిక్కిరిసిన వరుసల్లో గుర్రాలు ఒరుసుకున్నప్పుడు కాళ్ళు నలగకుండా కాపాడేవి. బూర ఊదేవాళ్ళు తెల్లని గుర్రాలెక్కడం వెనుక కూడా కారణం ఉంది. యుద్ధంలో ఆజ్ఞలన్నీ బూర మోతతోనే చేరేవి కాబట్టి దుమ్మూ పొగల మధ్య నాయకుడికి బూర ఊదేవాడు ఇట్టే కనిపించాలి.

లాడాలు కొట్టేవారి చేతిలో కత్తికి బదులు మెరిసే గొడ్డలి ఉంటుంది. యుద్ధంలో కోలుకోలేనంతగా గాయపడిన గుర్రాన్ని గొడ్డలి మొనతో చంపేవారు. తర్వాత అంచుతో దాని గిట్టను నరికి తెచ్చేవారు. గిట్ట మీద చెక్కిన సంఖ్యే ఆ గుర్రం చచ్చిందనడానికి రుజువు. లెక్కల పుస్తకంలోంచి గుర్రాన్ని తీసేయాలంటే అది చూపించాల్సిందే. లైఫ్ గార్డ్స్‌లో ఈ పనివారు మిగతావారి లాగా ఎర్ర కోటు కాక నీలం కోటు, నల్ల తురాయి ధరిస్తారు.

వందనం చేసే తీరులోనూ తేడా ఉంది. బ్రిటిష్ సైన్యంలో తలపాగా, టోపీ లేని సైనికుడు చేయెత్తి వందనం చేయడు. బ్లూస్ అండ్ రాయల్స్‌కు మాత్రం ఆ హక్కు ఉంది. 1760లో జర్మనీలోని వార్‌బర్గ్ యుద్ధంలో దళాన్ని నడిపిన మార్క్విస్ ఆఫ్ గ్రాన్‌బీ దౌడులో టోపీ, కృత్రిమ జుట్టు పోగొట్టుకుని బట్టతలతోనే సేనాధిపతికి వందనం చేశాడన్న సంప్రదాయం దానికి ఆధారం.

గుర్రాలు, శిక్షణ

దళంలోని గుర్రాలను ‘కావల్రీ బ్లాక్స్’ అంటారు. ఎక్కువ భాగం ఐర్లండ్ నుంచి కొని తెచ్చిన ఐరిష్ డ్రాఫ్ట్ జాతి సంకరాలు. బరువైన కవచంతో ఉన్న మనిషిని మోయాలి కాబట్టి దృఢమైన ఎముక, భుజం దగ్గర సుమారు 168 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. జనసందోహానికీ బాజాలకూ బెదరని స్వభావం అంతకన్నా ముఖ్యం. ఒకే ఏడాది చేరిన గుర్రాలన్నిటికీ ఒకే అక్షరంతో పేర్లు పెడతారు కనుక పేరు చూసి గుర్రం ఎప్పుడు చేరిందో చెప్పవచ్చు.

వాద్య బృందంలో నగారాలు మోసే గుర్రాలది ప్రత్యేక స్థానం. వెండి నగారాల జత, వాయించే మనిషి కలిసి చాలా బరువు కాబట్టి క్లైడ్స్‌డేల్, షైర్ వంటి భారీ జాతులనే ఎంచుకుంటారు. వాయించేవాడి రెండు చేతులూ కర్రలతో తీరిక లేకుండా ఉంటాయి. అందుకే పగ్గాలను రికాబులకు కలిపి కడతారు, గుర్రాన్ని నడిపేది కాళ్ళతోనే. ఈ గుర్రాలకు గ్రీకు, రోమన్ వీరుల పేర్లు పెట్టడం ఆనవాయితీ. దళంలో వీటికి మేజర్ హోదా అంటారు.

కొత్త సైనికుల్లో చాలామంది అంతకు ముందు గుర్రం ఎక్కినవాళ్ళు కారు. విండ్సర్‌లో వారికి 16 వారాల స్వారీ శిక్షణ ఉంటుంది. మొదటి 12 వారాలు మామూలు ఖాకీ దుస్తుల్లో, చివరి 4 వారాలు పూర్తి కవచంతో, కత్తితో. స్వారీ నేర్చినా కష్టం అయిపోయినట్టు కాదు. కాపలాకు ముందు రోజంతా తోలును నల్లగా మెరిపించడం, ఉక్కును తళతళలాడించడం, జీనుకు చెందిన ప్రతి కట్టునూ తుడవడమే పని. తనిఖీలో ముందు నిలిచినవారికి గుర్రం మీద కాపలా దక్కుతుంది. వెనుకబడినవారు నేల మీద నిలబడాలి. వేసవిలో కొన్ని వారాలు గుర్రాలను నార్‌ఫోక్‌కు తీసుకుపోతారు. హోకమ్ తీరంలో జీను లేకుండా గుర్రాలను సముద్రంలోకి దింపడం ఆ శిబిరంలో అందరూ ఎదురుచూసే రోజు.

దాడి, ప్రమాదం

1982 జులై 20న కాపలా మార్పుకు వెళుతున్న బ్లూస్ అండ్ రాయల్స్ మీద హైడ్ పార్క్‌లో ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ మేకులు నింపిన కారు బాంబు పేల్చింది. నలుగురు సైనికులు, ఏడు గుర్రాలు చనిపోయాయి. అదే రోజు రీజెంట్స్ పార్క్‌లో జరిగిన మరో పేలుడులో ఏడుగురు సైనిక వాద్యకారులు మరణించారు. 34 గాయాలతో బతికి బయటపడిన సెఫ్టన్ అనే గుర్రం దేశమంతటికీ తెలిసిపోయింది. అది 1993 దాకా బతికింది. ఆ చోటు మీదుగా వెళ్ళే దళాలు స్మారక ఫలకం వైపు తల తిప్పి గౌరవం చూపుతాయి.

2024 ఏప్రిల్ 24న ఉదయపు వ్యాయామానికి వెళ్ళిన గుర్రాలు ఒక భవన నిర్మాణ స్థలంలో సామగ్రి పడిన చప్పుడుకు బెదిరాయి. రౌతులను పడదోసి, మధ్య లండన్ వీధుల్లో వాహనాలను గుద్దుకుంటూ తూర్పున లైమ్‌హౌస్ దాకా పరుగెత్తాయి. కొందరు సైనికులు ఆసుపత్రి పాలయ్యారు. రక్తసిక్తమైన తెల్లగుర్రం విడా బొమ్మలు ప్రపంచమంతా తిరిగాయి. బెదిరినవాటిలో మూడు గుర్రాలు జూన్ నాటికి కోలుకొని రాజు జన్మదిన కవాతులో పాల్గొన్నాయి.

ఇతర దేశాలు, హైదరాబాద్ అనుభవం

రాచరికం ఉన్న మరికొన్ని దేశాల్లోనూ ఇటువంటి దళాలున్నాయి. 1762లో మొదలైన డెన్మార్క్ గార్డ్ హుస్సార్లకు ఇప్పటికీ గుర్రాల స్క్వాడ్రన్ ఉంది. స్వీడన్, స్పెయిన్ రాజ గార్డులలో, ఒమన్‌లో కూడా ఆశ్విక బృందాలున్నాయి. రాజులు లేని ఫ్రాన్స్ తన రిపబ్లికన్ గార్డులో ఒక ఆశ్విక రెజిమెంటును నిలుపుకుంది.

భారతదేశంలో ఈ పాత్ర రాష్ట్రపతి అంగరక్షక దళానిది. వారెన్ హేస్టింగ్స్ 1773లో బెనారస్‌లో ఏర్పరచిన ఈ దళం మొదట గవర్నర్ జనరల్‌ను, తర్వాత వైస్రాయిని, 1950 నుంచి రాష్ట్రపతిని కాపాడుతోంది. ఇందులోనూ బూర ఊదేవాడిది తెల్లగుర్రమే. ఈ సైనికులు కూడా గుర్రపు స్వారీతో పాటు కవచ వాహనాల్లో, పారాచూట్‌తో దూకడంలో శిక్షణ పొందుతారు.

హైదరాబాద్‌లో నిజాంకు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అంగరక్షక దళం ఉండేది. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు పోషించిన ఆఫ్రికన్ రౌతుల దళమే తర్వాత నిజాం కొలువుకు చేరిందని స్థానిక చరిత్ర చెబుతుంది. నిజాం ఊరేగింపుల్లో కనిపించిన ఈ సిద్దీ రౌతుల బసలే మాసబ్‌ట్యాంక్ సమీపంలోని నేటి ఏ.సి. గార్డ్స్ పేట. 1948లో హైదరాబాద్ విలీనం తర్వాత దళం రద్దయింది. వారి వారసులు అక్కడే ఉండిపోయారు. పెళ్ళి ఊరేగింపుల్లో వినిపించే మర్ఫా వాద్యం నగరంలో వారి పేరు నిలిపింది. 18వ శతాబ్దం చివర నిజాం సేవలో మొదలైన మరో ఆశ్విక దళం దక్కన్ హార్స్ ఇంకో దారి పట్టింది. 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో గుర్రాల మీద దాడి చేసిన ఆ రెజిమెంటు నేడు భారత సైన్యంలో ట్యాంకుల రెజిమెంటు.

ఒకే నగరానికి చెందిన ఈ రెండు దళాల గతి హౌస్‌హోల్డ్ కావల్రీ మనుగడను అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది. రాజు కొలువు తప్ప మరో పని లేని ఏ.సి. గార్డ్స్ ఆ కొలువుతోనే ముగిసింది. యుద్ధ విద్యను కాలానికి తగ్గట్టు మార్చుకున్న దక్కన్ హార్స్ గుర్రాలను వదులుకొని నిలిచింది. బ్రిటన్‌లో రాచరికం కొనసాగడం, దళం సగాన్ని యుద్ధ వాహనాలకు అప్పగించడం రెండూ కలవడం వల్ల హౌస్‌హోల్డ్ కావల్రీకి గుర్రాన్ని గానీ యుద్ధాన్ని గానీ వదులుకోవలసిన అవసరం రాలేదు.